ఆయిల్ సీల్ ఎందుకు అరుగుతుంది, మార్చినా మళ్లీ ఎందుకు కారుతుంది?

30-42-7. ఇంజిన్ నుంచి ఊడదీసిన నల్లటి రబ్బరు రింగును గుడ్డతో తుడిస్తే దాని మీద ఇలాంటి మూడు అంకెలు కనిపిస్తాయి. మొదటిది ఆ రింగు చుట్టుకుని ఉండే షాఫ్ట్ వ్యాసం. రెండోది అది కూర్చునే గుంత వ్యాసం. మూడోది దాని వెడల్పు. అన్నీ మిల్లీమీటర్లే. దీని పేరు ఆయిల్ సీల్. బరువు కొద్ది గ్రాములు. చాలా బళ్లకు దీని ధర ఇద్దరు హోటల్లో టిఫిన్ చేసినంత. అయినా ఇది పాడైతే ఇంజిన్‌లోని ఆయిల్ బయటికీ, బయటి బురదా నీళ్లూ లోపలికీ దారి చేసుకుంటాయి. ఆ తర్వాత బేరింగులు, క్రాంక్, పిస్టన్ ఒక్కొక్కటిగా ఖర్చులోకి వస్తాయి.

రోడ్డు లేని చోట నడిచే నాలుగు లావు చక్రాల బళ్లలో, అంటే ఏటీవీల్లో, ఈ రింగుకు పని మరీ కష్టం. 1970లో హోండా సంస్థ అమెరికా మార్కెట్లోకి తెచ్చిన మూడు చక్రాల బండి ఈ తరహా వాహనాలకు దారి వేసింది. ఇప్పుడవి మన దేశంలోనూ బీచ్‌ల దగ్గర, రిసార్టుల్లో, తోటల్లో తిరుగుతున్నాయి. మంచు కొండల్లో సైన్యం కూడా వాడుతోంది. మామూలుగా వీటికి రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు. సర్వీస్ సెంటర్ ఎక్కడో పెద్ద నగరంలో ఉంటుంది. దాంతో సీల్ మార్చే పనిని చాలామంది ఇంటి ముందే, సొంతంగానో ఊళ్లో బైకు మెకానిక్ సాయంతోనో కానిచ్చేస్తారు. కొత్త సీల్ వేసి నెల తిరక్కముందే మళ్లీ అదే చోట ఆయిల్ చెమర్చడం కూడా అంతే మామూలు.

తప్పు చాలాసార్లు కొత్త సీల్‌ది కాదు. సీసా మూతలాగా అది గట్టిగా బిగుసుకుని ఆయిల్‌ను ఆపుతుందని అనుకోవడం దగ్గరే చిక్కంతా ఉంది. తిరిగే షాఫ్ట్ మీద ఆయిల్ సీల్ పనిచేసే తీరు వేరు. అది తెలిస్తే, మార్చేటప్పుడు సీల్ ఒక్కదాన్నే కాక ఇంకేం చూడాలో కూడా తెలుస్తుంది.

అడ్డుకట్ట కాదు, పంపు

ముందు ఒక చిన్న లెక్క. 30 మిల్లీమీటర్ల షాఫ్ట్ చుట్టుకొలత దాదాపు 94 మిల్లీమీటర్లు. ఇంజిన్ నిమిషానికి 6,000 సార్లు తిరుగుతుంటే, సీల్ అంచు కింద నుంచి ఉక్కు ఉపరితలం సెకనుకు 9.4 మీటర్ల వేగంతో జారిపోతుంటుంది. అంటే గంటకు 34 కిలోమీటర్లు. ఇలా వంద గంటలు నడిస్తే ఆ సన్నటి రబ్బరు అంచు కింద 3,400 కిలోమీటర్ల ఉక్కు గడిచిపోయినట్టు. శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి రోడ్డు దూరం దీనికి కొంచెం ఎక్కువ, అంతే.

పొడి రబ్బరును పొడి ఉక్కు మీద ఈ వేగంతో రుద్దితే కాసేపట్లోనే కమిలిపోతుంది. మరి సీల్ అన్ని గంటలు ఎలా బతుకుతోంది? 1957లో బ్రిటన్ పరిశోధకుడు ఇ.టి. జాగర్ చేసిన ప్రయోగాలు దీనికి సమాధానం చూపించాయి. షాఫ్ట్ తిరుగుతున్నప్పుడు రబ్బరు అంచు ఉక్కును తాకదు. రెండింటి మధ్యా పలచటి నూనె పొర ఏర్పడుతుంది. దాని మందం ఇంచుమించు ఒక మైక్రాన్, అంటే మన వెంట్రుక మందంలో యాభయ్యో వంతో ఇంకా తక్కువో. సీల్ అంచును మెకానిక్‌లు లిప్ అంటారు, పెదవి అన్నమాట. ఆ పెదవి ఉక్కు మీద కాదు, నూనె మీద తేలుతుంటుంది.

ఇక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. మధ్యలో నూనె పొర ఉందంటే సందు ఉన్నట్టే కదా, మరి ఆయిల్ అందులోంచి బయటికి ఎందుకు రాదు? తలతన్యత వల్ల నూనె అంచు అక్కడే నిలబడుతుందని మొదట్లో భావించారు. ఆ వివరణ కొంతవరకే నిలిచింది. 1970ల చివర్లో జపాన్ పరిశోధకులు కవహార, హిరబయాషి సీల్‌ను తిరగేసి బిగించి చూశారు. అది ఆయిల్‌ను ఆపకపోగా, ఒకవైపు నుంచి మరోవైపుకు తోడిపోయడం మొదలుపెట్టింది. మంచి సీల్ ఊరికే అడ్డుగా నిలబడే గోడ కాదు, నిజానికి అదొక అతి చిన్న పంపు అని అప్పుడు స్పష్టమైంది.

పంపు ఎక్కడుంది? సీల్‌ను అడ్డంగా కోసి చూస్తే పెదవి రెండు వాలుల మధ్య శిఖరంలా కనిపిస్తుంది. ఆయిల్ ఉండే వైపు వాలు నిటారుగా ఉంటుంది, గాలి వైపు వాలు ఏటవాలుగా ఉంటుంది. పెదవి వెనకాల చుట్టూ ఒక సన్నని స్ప్రింగ్ బిగించి ఉంటుంది. ఈ ఆకారం వల్ల షాఫ్ట్ మీద ఒత్తిడి ఆయిల్ వైపు ఎక్కువగా, గాలి వైపుకు వెళ్లేకొద్దీ తక్కువగా పడుతుంది. ఇప్పుడు ఆ రబ్బరును సూక్ష్మదర్శిని కింద ఊహించుకుంటే దాని మీద కంటికి కనబడని ఎత్తుపల్లాలు ఉంటాయి. షాఫ్ట్ తిరుగుతుంటే అవి దాని వెంట లాగబడతాయి. ఒత్తిడి ఎక్కువ ఉన్నచోట ఎక్కువ దూరం, తక్కువ ఉన్నచోట తక్కువ దూరం సాగుతాయి. దాంతో ఆ గీతలన్నీ వాలుగా మారతాయి. తడిసిన నేల మీద చీపురును ఏటవాలుగా పట్టుకుని తోస్తే నీళ్లు ఎదురుగా కాకుండా ఒక పక్కకు జారతాయి కదా, ఇదీ అంతే. గాలి వైపుకు వచ్చిన నూనెను ఈ వాలు గీతలు మళ్లీ ఇంజిన్ వైపుకే నెడతాయి. బయటికి పోవాలనే నూనెకూ లోపలికి తోసే పెదవికీ మధ్య నడిచే ఈ తోపులాటలో పెదవి గెలిచినంతసేపూ బయట పొడిగా ఉంటుంది.

దీన్నిబట్టి సీల్‌ను తిప్పి బిగిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అది ఆయిల్‌ను పనిగట్టుకుని బయటికి తోడుతుంది. కొత్త సీల్ మొదటి కొన్ని గంటలు కాస్త చెమర్చడం వెనక కూడా ఇదే భౌతికశాస్త్రం ఉంది. నున్నటి కొత్త పెదవి మీద ఆ సూక్ష్మమైన గరుకుదనం కొంత వాడకం తర్వాత గానీ ఏర్పడదు.

రబ్బరు ఉక్కును కోసే వైనం

ఈ పంపులో సగం భాగం రబ్బరు, మిగతా సగం షాఫ్ట్. చాలామంది మరిచిపోయేది రెండో సగాన్ని. సీల్ తయారీదారులు షాఫ్ట్ ఉపరితలానికి హద్దులు పెడతారు. సగటు గరుకుదనం మామూలుగా 0.2 నుంచి 0.8 మైక్రాన్ల మధ్య ఉండాలి. అంతకన్నా నున్నగా ఉంటే నూనె పొర నిలవదు. గరుగ్గా ఉంటే పెదవి అరిగిపోతుంది. గరుకుదనం ఎంతో ఒక్కటే కాదు, ఏ దిశలో ఉందో కూడా ముఖ్యమే. షాఫ్ట్ మీద మరలాంటి సన్నని గీతలు ఉంటే, తిరిగే కొద్దీ ఆ మరే నూనెను బయటికి లాక్కొస్తుంది.

తుప్పు పోవడానికి ఎమెరీ పేపరు పెట్టి షాఫ్ట్‌ను పొడవునా, మెలి తిప్పుతూ రుద్దే అలవాటు అందుకే ప్రమాదకరం. మెరుగు వస్తుంది, దాంతోపాటు కంటికి కనిపించని మర కూడా వస్తుంది. తప్పనిసరై రుద్దాల్సి వస్తే బాగా సన్నటి పేపరుతో షాఫ్ట్ చుట్టూ, అడ్డంగా మాత్రమే రుద్దాలి. ఇంజినీరింగ్ విద్యార్థులు సొంతంగా ఏటీవీ తయారుచేసి పరీక్షకు పెట్టే బాహా ఎస్‌ఏఈ ఇండియా పోటీలు 2007 నుంచి జరుగుతున్నాయి. తెలుగు రాష్ట్రాల కాలేజీల జట్లు కూడా అందులో పాల్గొంటుంటాయి. గేర్‌బాక్స్ షాఫ్ట్‌ను లేత్ మీద తిప్పి వదిలేస్తే ఏమవుతుందో అలాంటి జట్లకు బాగా తెలుసు. లేత్ టూల్ వదిలే గీతలు మర ఆకారంలోనే ఉంటాయి. వాటిని గ్రైండింగ్‌తో తీసేస్తేనే సీల్ నిలుస్తుంది.

వాడిన ఏటీవీలో మరో సమస్య ఎదురవుతుంది. పాత సీల్ తీశాక షాఫ్ట్ మీద ఉంగరంలా ఒక గాడి కనిపిస్తుంది. మెత్తటి రబ్బరు గట్టి ఉక్కును కోసిందంటే వింతగా ఉంటుంది గానీ, నిజంగా కోసింది రబ్బరు కాదు. ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్‌జ్ రేణువులు చాలా రకాల ఉక్కు కంటే గట్టివి. అవి పెదవిలో గుచ్చుకుని ఉండిపోతాయి. అప్పుడు మెత్తటి రబ్బరే ఆ రేణువులకు పట్టుకొమ్మ అవుతుంది. వాటిని అక్కడే నొక్కిపెట్టి, వేల కిలోమీటర్లు ఉక్కు మీద గీయిస్తుంది. ఎమెరీ పేపరు చేసే పని కూడా ఇదే.

గోరు పెట్టి షాఫ్ట్ మీద గీస్తే గాడిలో గోరు తట్టుకుంటోందా? అలాగైతే అదే చోట కొత్త సీల్ వేసినా ప్రయోజనం తక్కువ. కొత్త పెదవి ఆ గాడిలో సరిగా ఒదగదు, స్ప్రింగ్ చాలినంత ఒత్తిడి ఇవ్వలేదు. గుంతలో చోటుండి, ఆయిల్ రంధ్రాలు మూసుకుపోవనుకుంటే కొత్త సీల్‌ను ఒక మిల్లీమీటరు ముందుకో వెనక్కో కూర్చోబెట్టవచ్చు. అప్పుడు పెదవి అరగని ఉక్కు మీద పడుతుంది. లేదంటే షాఫ్ట్ మీద తొడిగే పలచటి స్టెయిన్‌లెస్ స్టీల్ తొడుగులు దొరుకుతాయి. వాటిలో బాగా వాడుకలో ఉన్న ఒక రకం మందం 0.28 మిల్లీమీటర్లు మాత్రమే. దాంతో సీల్ సైజు మార్చనక్కర్లేదు.

వేడి, చలి, తప్పు ద్రవం

మొదట్లో సీళ్లు రబ్బరువి కావు, తోలువి. జర్మనీలోని వైన్‌హైమ్‌లో తోళ్లు శుద్ధి చేసే ఫ్రాయిడెన్‌బర్గ్ సంస్థ 1929 ప్రాంతంలో తోలు సీళ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. తర్వాతి దశాబ్దంలో కృత్రిమ రబ్బరు వచ్చి తోలును పక్కకు నెట్టింది. ఈనాటికీ ఎక్కువ సీళ్లు వాడేది అప్పట్లో పుట్టిన నైట్రైల్ రబ్బరునే. నూనెలో ఉబ్బకపోవడం దాని గొప్పతనం. సహజ రబ్బరు అయితే ఇంజిన్ ఆయిల్‌లో నానిన గారెలా ఉబ్బి మెత్తబడిపోతుంది.

నైట్రైల్‌కు శత్రువు వేడి. రబ్బరులోని పొడవాటి అణు గొలుసుల మధ్య అక్కడక్కడా ముడులు ఉంటాయి. సాగి మళ్లీ వెనక్కి రావడం వాటి వల్లే సాధ్యం. వేడి, ఆక్సిజన్ కలిసినప్పుడు కొత్త ముడులు పడుతూ పోతాయి, రబ్బరు గట్టిపడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్యల వేగం ఇంచుమించు రెట్టింపు అవుతుందని ఒక మోటు లెక్క. పెదవి కింద ఘర్షణ వల్ల పుట్టే వేడి ఆయిల్ ఉష్ణోగ్రత కంటే ఎక్కువగా ఉంటుంది. ఆయిల్ 90 డిగ్రీల దగ్గర ఉందంటే పెదవి కొస వంద దాటి ఉండొచ్చు. నైట్రైల్ నిలకడగా తట్టుకునే హద్దు కూడా అక్కడే ఉంది. బురదలో తక్కువ వేగంతో, ఎక్కువ బరువు లాగుతూ, గాలి సరిగా తగలకుండా నడిచే ఏటీవీలో సీళ్లు తొందరగా గాజులా బిరుసెక్కడానికి కారణం ఇదే.

అందుకే కొందరు ఖరీదైన వైటాన్ సీళ్లు వేయమంటారు. ఫ్లోరిన్ ఉన్న ఈ రబ్బరు 200 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. తీరప్రాంతపు ఎండలో తిరిగే బండికి ఇది మంచి సలహానే. లద్దాఖ్ చలికాలంలో స్టార్ట్ చేసే బండికి మాత్రం కాదు. మామూలు వైటాన్ సున్నా కిందికి 20 డిగ్రీల దాకా వెళ్లేసరికి బిగుసుకుపోతుంది. షాఫ్ట్ కొద్దిగా ఊగినా దాన్ని వెంబడించేంత చురుకుదనం పెదవికి ఉండదు. చలిలో రబ్బరు మందకొడిగా మారితే ఏమవుతుందో 1986 జనవరి 28న ప్రపంచం చూసింది. చాలెంజర్ స్పేస్ షటిల్ రాకెట్ కీళ్లలో వాడిన ఓ-రింగులు వైటాన్‌వే. ఆ చలి ఉదయాన అవి సమయానికి సాగి సందును మూయలేకపోయాయి, ఏడుగురు వ్యోమగాములు చనిపోయారు. విచారణ సంఘంలో సభ్యుడైన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ రబ్బరు ముక్కను చిన్న బిగింపులో నొక్కి ఐస్ నీళ్లలో ముంచి తీశారు. బిగింపు వదులు చేశాక కూడా అది వెంటనే మామూలు ఆకారానికి రాలేదు. ఏటీవీ సీల్ మీద ఎవరి ప్రాణాలూ అంతలా ఆధారపడవు గానీ, ఖరీదు ఎక్కువైతే మేలు అన్న సూత్రం రబ్బరు విషయంలో పనిచేయదు.

ద్రవం మారినా ఇబ్బందే. బ్రేకు సిలిండర్లలో వాడే ఈపీడీఎం రబ్బరుకు ఇంజిన్ ఆయిల్ పడదు, నైట్రైల్‌కు బ్రేకు ఫ్లూయిడ్ పడదు. ఒకదాని చోట మరొకటి వేస్తే ఉబ్బిపోతాయి. ఆయిల్‌లో కలిపితే లీకు ఆగిపోతుందని అమ్మే ద్రావణాల గుట్టు కూడా ఈ ఉబ్బడమే. బిరుసెక్కిన రబ్బరును అవి కాస్త ఉబ్బించి మెత్తబరుస్తాయి. అరిగిన పెదవిని తిరిగి తేలేవు, గాడిని పూడ్చలేవు. బండిని ఇంటిదాకా తెచ్చుకోవడానికి పనికొస్తాయి, అంతకుమించి నమ్మకూడదు.

ఊపిరాడని ఇంజిన్

మళ్లీ మళ్లీ కారే సీళ్ల వెనక ఎక్కువగా దాగి ఉండే దోషి సీల్ దగ్గర ఉండదు. ఇంజిన్ పైభాగంలో ఉండే బ్రీదర్ గొట్టంలో ఉంటుంది.

500 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ క్రాంక్‌కేసులోని గాలిని అర లీటరు మేర నెడుతుంది. దానికి తోడు పిస్టన్ రింగుల పక్క నుంచి జారే వాయువులు ఉంటాయి. ఇవన్నీ బ్రీదర్ గుండా బయటికి పోవాలి. బురదతోనో, గొట్టం నలిగిపోయో, కందిరీగలు మట్టి గూడు కట్టో ఆ దారి మూసుకుపోతే లోపల పీడనం పెరుగుతుంది. మామూలు ఆయిల్ సీల్ ఒక బార్‌లో మూడో వంతు నుంచి సగం దాకా పీడనాన్ని మాత్రమే తట్టుకునేలా తయారవుతుంది. అంతకు మించితే పెదవి షాఫ్ట్‌ను గట్టిగా కరుచుకుని వేడెక్కి అరుగుతుంది, లేదా సీల్ మొత్తంగా గుంతలోంచి బయటికి జరుగుతుంది.

ఏటీవీలో దీనికి సరిగ్గా వ్యతిరేకంగా మరొకటి జరుగుతుంది. కాగిన ఇంజిన్‌తో బండి వాగులోకి దిగుతుంది. లోపలి గాలి 90 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు చల్లారిందనుకుందాం. కెల్విన్ లెక్కలో 363 నుంచి 303కు. బ్రీదర్ మూసుకుపోయి ఉంటే పీడనం కూడా అదే నిష్పత్తిలో పడిపోతుంది, అంటే దాదాపు ఆరో వంతు తగ్గుతుంది. 1.7 మీటర్ల లోతు నీళ్లలో ముంచినప్పుడు ఎంత ఒత్తిడి పడుతుందో బయటి నుంచి అంత ఒత్తిడి అప్పుడు సీల్ మీద పడుతుంది. బండి నిజంగా మునిగింది మోకాలి లోతు నీళ్లలోనే అయినా ఇది తప్పదు. పెదవి ఆకారం లోపలి ఆయిల్‌ను ఆపడానికి చేసింది. బయటి నుంచి వచ్చే ఒత్తిడి దాన్ని సులువుగా ఎత్తేస్తుంది. ఆయిల్ పాలు కలిపిన టీలా మారిందంటే నీళ్లు లోపలికి వెళ్లాయని అర్థం. చక్రాలకు శక్తినిచ్చే డిఫరెన్షియల్ గేర్ల గాలి గొట్టాలను చాలా ఏటీవీల్లో హ్యాండిల్ ఎత్తుకు తీసుకెళ్లి వదిలేది అందుకే.

కాబట్టి కొత్త సీల్ కొనడానికి ముందే బ్రీదర్ గొట్టం విప్పి ఊది చూడటం తెలివైన పని. ఖర్చు లేదు, పానా అవసరం కూడా చాలాసార్లు ఉండదు.

టూ స్ట్రోక్ లెక్క వేరు

పాత స్పోర్ట్స్ ఏటీవీల్లో, ఉదాహరణకు యమహా బాన్షీలో, టూ స్ట్రోక్ ఇంజిన్లు ఉండేవి. వాటి క్రాంక్ సీళ్ల బాధ మన దగ్గర ఆర్‌ఎక్స్ 100 నడిపినవాళ్లకు, దాన్ని ఇప్పుడు వెతికి కొని బాగుచేయిస్తున్నవాళ్లకు తెలిసిందే. ఈ ఇంజిన్లలో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం సిలిండర్‌లోకి వెళ్లే ముందు క్రాంక్‌కేసులోకే వస్తుంది. క్రాంక్‌కేసే పంపు. సీల్ కారిందంటే పంపుకు చిల్లి పడినట్టే.

మాగ్నెట్ వైపు సీల్ పోతే బయట ఆయిల్ మరక పెద్దగా కనిపించకపోవచ్చు. అక్కడి నుంచి అదనపు గాలి లోపలికి పీల్చుకుంటుంది, మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గుతుంది. యాక్సిలరేటర్ వదిలేసినా ఇంజిన్ వేగం వెంటనే దిగదు. వేడి పెరిగి, పెట్రోల్‌తో వచ్చే ఆయిల్ కూడా తగ్గి చివరికి పిస్టన్ పట్టేస్తుంది, లేదా దానికి బెజ్జం పడుతుంది. క్లచ్ వైపు సీల్ పోతే గేర్‌బాక్స్ ఆయిల్ లోపలికి పోయి మండుతుంది. కింద చుక్క పడకుండానే గేర్ ఆయిల్ తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి దట్టమైన పొగ వస్తుంది. దీన్ని పట్టుకునే పరీక్ష సులువే. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ దారులు మూసి, చేతి పంపుతో సుమారు 0.4 బార్ పీడనం పెట్టి కొన్ని నిమిషాలు నిలుస్తుందేమో చూస్తారు. పడిపోతుంటే సైకిల్ ట్యూబుకు చేసినట్టే సబ్బు నీళ్లు రాసి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి. ఈ పనికి కంప్రెసర్ గాలి పెట్టకూడదు, మంచి సీళ్లను కూడా ఊడగొడుతుంది.

ఇంటి ముంగిట్లో పని

అన్ని సీళ్లూ ఇంట్లో మార్చేవి కావు. గేర్ షాఫ్ట్, మాగ్నెట్ వైపు క్రాంక్, డిఫరెన్షియల్ సీళ్లలో చాలావాటిని బయటి నుంచే తీయొచ్చు. కొన్ని ఇంజిన్లలో సీల్‌కు లోపలి వైపు అంచు ఉంటుంది, కేసు రెండుగా విడదీయనిదే అది రాదు. వాల్వ్ సీళ్లకు హెడ్ విప్పాల్సి రావచ్చు. వీటిని అనుభవం ఉన్న మెకానిక్‌కు వదిలేయడం మేలు. బండి మాన్యువల్ ముందు చదివితే ఏది ఏ కోవలోదో తెలుస్తుంది.

ముందుగా కారేది ఎక్కడో ఖాయం చేసుకోవాలి. ఆయిల్ కిందికి, వెనక్కి పాకుతుంది కాబట్టి మరక ఉన్న చోటే లీకు ఉండదు. ఇంజిన్‌ను శుభ్రంగా కడిగి, ఆరాక అనుమానం ఉన్న చోట్ల టాల్కం పౌడర్ చల్లి, కాసేపు నడిపి చూస్తే తడి మొదలైన చోటు తెలుస్తుంది. వాటర్ పంపు కింద చిన్న రంధ్రం ఉన్న ఇంజిన్లలో దాన్ని మూయకూడదు. ఆ రంధ్రం కావాలనే పెట్టింది. అందులోంచి కూలెంట్ కారితే నీళ్ల వైపు సీల్, ఆయిల్ కారితే ఆయిల్ వైపు సీల్ పోయినట్టు. వెనక ఇరుసు సీల్‌ను మాత్రం రేపు చూద్దాంలే అని వాయిదా వేయకూడదు. డ్రమ్ బ్రేకులున్న బండిలో ఆ ఆయిల్ నేరుగా బ్రేకు షూల మీదికి చేరుతుంది.

ఇంజిన్ చల్లారాక, బ్యాటరీ నెగటివ్ తీసి, బండిని జాకీ ఒక్కదాని మీదే వదలకుండా గట్టి ఆనింపు పెట్టి పని మొదలుపెట్టాలి. మాగ్నెట్ చక్రాన్ని దానికి సరిపడే పుల్లర్‌తోనే తీయాలి. క్రాంక్ కొసను సుత్తితో కొడితే క్రాంక్ వంకర పోతుంది, వంకర షాఫ్ట్ మీద ఏ సీలూ నిలవదు. పాత సీల్ ఎంత లోతులో ఉందో తీయకముందే వెర్నియర్‌తో కొలిచి రాసుకోవాలి. తీసేటప్పుడు స్క్రూడ్రైవర్ మొన షాఫ్ట్‌కు గానీ, గుంత గోడకు గానీ తగిలితే పడే ఒక్క గీత చాలు, తర్వాతి లీకుకు.

సీల్ బయటికి వచ్చాక షాఫ్ట్‌ను చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఆడించాలి. గమనించదగ్గ ఆట ఉంటే బేరింగ్ అరిగిందని అర్థం. అలాంటప్పుడు సీల్ మాత్రమే మార్చడం డబ్బు దండగ.

కొత్త సీల్ కొనేటప్పుడు మూడు అంకెలతోపాటు రబ్బరు రకం, పెదవుల సంఖ్య కూడా పాతదానితో సరిపోవాలి. ఏటీవీకి దుమ్మును ఆపే రెండో చిన్న పెదవి ఉన్నవి కావాలి. కొన్నింటి మీద బాణం గుర్తు ఉంటుంది. వాటికి షాఫ్ట్ తిరిగే దిశలో వాలు గీతలు అచ్చు పోసి ఉంటాయి, కుడి ఎడమలు మారితే అవి ఎదురు పనిచేస్తాయి. స్ప్రింగ్ కనిపించే ముఖం ఆయిల్ వైపుకు ఉండాలి. పెదవికి అదే ఇంజిన్ ఆయిల్ పూయాలి. ఎండిన పెదవితో స్టార్ట్ చేస్తే మొదటి నిమిషంలోనే అది కమిలిపోవచ్చు. షాఫ్ట్ మీద పళ్లు, కీ గాడి ఉంటే వాటి మీద పలచటి ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీదుగా సీల్‌ను జార్చాలి. ఆ అంచులు బ్లేడుల్లాంటివి. సీల్ బయటి వ్యాసానికి కాస్త తక్కువ ఉన్న సాకెట్ గానీ పీవీసీ పైపు ముక్క గానీ ఆనించి, చుట్టూ సమానంగా, మెల్లగా తట్టుకుంటూ ముందు కొలుచుకున్న లోతు దాకా దించాలి. ఒక పక్క వంగి దిగితే పెదవి ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా ఆనుతుంది. సీలెంట్ వాడాల్సి వస్తే బయటి లోహపు అంచుకు పలచగా మాత్రమే, పెదవి దరిదాపులకు రానీయకూడదు.

పాత సీల్‌ను పారేసే ముందు భూతద్దంతో ఒకసారి చూడటం మంచిది. పెదవి చుట్టూ అరుగుదల పట్టీ సమానంగా ఉంటే అది వయసైపోయి పోయింది. ఒక పక్క వెడల్పుగా, ఎదురు పక్క సన్నగా ఉంటే షాఫ్ట్‌కూ గుంతకూ కేంద్రాలు కలవడం లేదు. పెదవి మెరుస్తూ పగుళ్లు తేలి ఉంటే వేడి. మెత్తగా ఉబ్బి ఉంటే తప్పు ద్రవం. పెదవిలో సన్నటి మెరుపు రేణువులు గుచ్చుకుని ఉంటే ఇసుక. బాగా కాలి నల్లటి జిగురులా మారిన వైటాన్ సీల్‌ను మాత్రం వట్టి చేతులతో ముట్టుకోకూడదు. ఎక్కువ వేడికి అది విరిగినప్పుడు చర్మాన్ని లోతుగా కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది.

తీసిన ఆయిల్ కాలవలోకో పెరటి మట్టిలోకో పోసేది కాదు. మన చట్టాల ప్రకారం వాడిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, వాడిన ఆయిల్ తీసుకునే వర్క్‌షాపుకు అప్పగించాలి. కొత్త ఆయిల్ సరైన మట్టం వరకే పోయాలి. ఎక్కువైనా క్రాంక్‌కేసు పీడనం పెరుగుతుంది. మొదటి పది గంటలు బండిని లోతు నీళ్లలోకి దించకుండా నడిపి, ఆ చోట మళ్లీ పౌడర్ చల్లి చూడాలి. సీల్ అంచున సన్నటి తడి మాత్రమే కనిపించి, చుక్క కట్టకపోతే దాన్ని అలాగే వదిలేయవచ్చు.